గీత తిరుగుతోంది.. అంకె కదలడం లేదు!

2023 డిసెంబరు 4. సోమవారం రాత్రి. నరసరావుపేట శివారు, పల్నాడు రోడ్డు.

రేకుల మీద వాన దంచుతోంది. పక్క గోడౌన్లోంచి మిరప ఘాటు తలుపు సందుల్లో దూరి వస్తోంది. ఆఫీసు గదిలో ఒక ట్యూబులైటు, ఒక టేబులు, ఒక కంప్యూటరు. తెర నల్లగా ఉంది. ఎడమ మూలన తెల్లటి గడి ఒకటి మినుకు మినుకుమంటోంది. కొత్త అక్షరం లేదు. అంకె లేదు. ఐదు నిమిషాలుగా అదే తంతు.

గుమాస్తా చెయ్యి స్విచ్ బోర్డు మీదికి పోయింది.

"బాబాయ్! ఆగు!"

కుర్రాడు కుర్చీలోంచి లేచి ఆ చెయ్యి పట్టుకున్నాడు. పెద్దాయన విదిలించుకున్నాడు.

"ఏందిరా ఆగేది? బిగుసుకుపోయింది, కనపట్లా? పోయిన నెల కూడా ఇట్టాగే చేసింది."

"పోయిన నెల బిగుసుకుపోలేదు బాబాయ్. నువ్వు ఆపేశావు. సగం కాపీ అయిన ఫైలు పాడైపోయింది."

"మరి ఇప్పుడు ఇది బతికుందో చచ్చిందో నీకెట్టా తెలుసు?"

కుర్రాడు తెర వైపు చూశాడు. లోపల నడుస్తున్న ప్రోగ్రాం రాసింది తనే. ప్రతి అక్షరం తన చేత్తో కొట్టిందే. అయినా ఆ ప్రశ్నకు ఆ తెర మీద జవాబు లేదు.

అది కోల్డ్ స్టోరేజీ. రైతుల నోట్లో ‘ఏసీ’. కల్లంలో ఆరిన మిరపకాయకు ధర రాకపోతే గురజాల, దుర్గి, వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు నుంచి టిక్కీలు (మిరప బస్తాలు) ట్రాక్టర్లెక్కి ఇలాంటి చోటికే వస్తాయి. ఎవరి టిక్కీలు ఏ గదిలో, ఏ వరసలో ఉన్నాయి, వాటి మీద ఎవరు ఎంత అప్పు తీసుకున్నారు, ఎవరు ఎన్ని అమ్ముకున్నారు.. లెక్కంతా ఆ ఒక్క కంప్యూటర్లోనే. ఆ లెక్క పోతే సరుకు ఉంటుంది. అది ఎవరిదో చెప్పే నాథుడు ఉండడు.

బయట తుపాను. పేరు మిగ్‌జాం. చెన్నై అప్పటికే నీళ్లలో ఉంది. రేపు బాపట్ల దగ్గర తీరం దాటుతుందని టీవీలన్నీ మొత్తుకుంటున్నాయి. ఆఫీసు గది నేల మట్టంలో ఉంది. లెక్కల నకలు పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి రాత్రికే ఇంటికి చేర్చమని ఓనరు గారు ఫోన్ చేశారు. మెట్టు మీదికి అప్పటికే నీళ్లు వచ్చాయి.

కుర్రాడు ఇంకో కిటికీ తెరిచాడు. నడుస్తున్న పనుల జాబితా అడిగాడు. ఉంది. టార్ అనే ప్రోగ్రాం ఫైళ్లన్నీ మూటగట్టి పెన్ డ్రైవ్‌లోకి తోస్తూనే ఉంది.

"చూడు, బతికే ఉంది."

"నువ్వుంటే చూపిస్తావు. నువ్వు లేనప్పుడు? నాకు ఇక్కడే కనపడాలి. ఈ తెర మీదే."

కుర్రాడు ఒక్క క్షణం ఆలోచించాడు. తర్వాత, పెద్దాయనను ఇందాక ఏ పని చెయ్యొద్దన్నాడో ఆ పనే తను చేశాడు. కంట్రోల్, సీ. ఆపేశాడు.

"పది నిమిషాలియ్యి."

టార్ అనే ఆ ఒక్క ఆజ్ఞకు ముందూ వెనకా నాలుగు పంక్తులు. షెల్ స్క్రిప్టు అంతే. ఇప్పుడు దానికి ఒక తిరిగే గుర్తు తగిలించాలి. బొమ్మలు అక్కర్లేదు. రంగులు అక్కర్లేదు. కీబోర్డు మీద ఉన్న నాలుగు గుర్తులు చాలు: | / - \ . ఒకదాని తర్వాత ఒకటి, ఒకే చోట, సెకనులో పదో వంతుకు ఒకటి చొప్పున అచ్చు వేస్తే కంటికి గీత గిర్రున తిరుగుతున్నట్టే ఉంటుంది.

"ఒకే చోట ఎట్టా పడతాయిరా? పక్కపక్కన పడవూ?"

"నువ్వు టైపు నేర్చుకున్నావుగా బాబాయ్. క్యారేజీ వెనక్కి తోసి, కాయితం మాత్రం పైకి తిప్పకపోతే ఏమయిద్ది?"

"కొట్టిన లైను మీదే మళ్లీ పడిద్ది."

"ఇదీ అంతే. బ్యాక్‌స్లాష్, ఆర్. క్యారేజీ వెనక్కి. కాయితం కదలదు."

గుమాస్తా కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. ఆ రాత్రి మొదటిసారి తెర వైపు కోపం లేకుండా చూశాడు.

ఎదురుచూసే మనిషికి ఏదో ఒకటి కదులుతూ కనపడాలన్న సంగతి కొత్తదేం కాదు. 1985లో బ్రాడ్ మయర్స్ అనే పరిశోధకుడు టొరంటో విశ్వవిద్యాలయంలో చేసిన పరిశోధనను ఒక సదస్సులో సమర్పించాడు. 48 మంది విద్యార్థులను కూర్చోబెట్టి కంప్యూటర్లో సమాచారం వెతికించాడు. కొన్నిసార్లు పని ఎంతవరకు వచ్చిందో చూపే పట్టీతో, కొన్నిసార్లు అది లేకుండా. వాళ్లలో 86 శాతం మంది పట్టీయే బాగుందన్నారు. పది సెకన్లు దాటి తెర ఉలకకపోతే మనిషి మనసు వేరే దారి పడుతుందని కంప్యూటర్ల ముందు మనుషుల తీరును పరిశీలించేవాళ్లు చెప్పే లెక్క. ఇక్కడ ఐదు నిమిషాలు దాటింది. పెద్దాయన మనసు స్విచ్ బోర్డు దారి పట్టింది.

స్క్రిప్టు మళ్లీ కదిలింది. గీత తిరిగింది. | / - \ | / - \ .

"ఓరి నీ.." గుమాస్తా మొహంలో నవ్వు.

అంతలోనే తెర చెదిరింది. తిరుగుతున్న గీత మీద టార్ ఏదో ఇంగ్లిషు వాక్యం తెచ్చి పడేసింది. ఫైళ్ల పేర్ల ముందున్న ‘/’ గుర్తును తీసేస్తున్నానని చెప్పే మామూలు మాట. ప్రమాదం లేదు. కానీ చూడ్డానికి అసహ్యంగా ఉంది. సగం గీత, సగం వాక్యం.

కుర్రాడికి చిరాకేసింది. స్క్రిప్టు ఆపాడు. టార్ ఏం చెప్పినా తెర మీదికి రాకుండా, ఫిర్యాదులన్నీ నేరుగా ‘నల్’ అనే అడుగులేని గోతిలో పడేలా చివర చిన్న ముక్క తగిలించాడు. మళ్లీ నడిపాడు. తెర శుభ్రం. గీత మాత్రమే. అందంగా తిరుగుతోంది.

ఆ రాత్రి జరిగిన అసలు తప్పు అదే. అప్పటికి ఇద్దరికీ తెలియదు.

ఏడెనిమిది నిమిషాలు. వాన హోరు పెరిగింది. గోడ గడియారం కింద తడి మచ్చ ఒకటి కిందికి పాకుతోంది. గీత ఆగింది. దాని చోట ఒక మాట పడింది.

‘అయిపోయింది.’

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

చీకటి. ఒక్క క్షణం. ఇన్వర్టరు టక్కుమని అందుకుంది. తెర ఆరలేదు. గుమాస్తా ఊపిరి వదిలి, పెన్ డ్రైవ్ కోసం చెయ్యి చాపి, అలవాటు కొద్దీ ఆగాడు. ముప్పై ఏళ్లుగా టిక్కీలు లెక్కబెట్టిన మనిషి. ఎవరైనా ‘దిగింది’ అంటే నమ్మడు. ఎన్ని అని అడుగుతాడు.

"అయిందంటంది సరే. ఎంత ఎక్కింది?"

కుర్రాడు ఫైలు సైజు అడిగాడు. తెర అంకె చెప్పింది. 4,29,49,67,295 బైట్లు.

అతని వేళ్లు కీబోర్డు మీదే ఆగిపోయాయి.

ఆ అంకె చూడగానే గుర్తుపట్టాడు. కంప్యూటరు చదువుకున్నవాడెవడైనా గుర్తుపడతాడు. రెండును ముప్పై రెండుసార్లు హెచ్చవేస్తే వచ్చేదానికి ఒకటి తక్కువ. బజారులో కొన్న పెన్ డ్రైవ్‌లు చాలావాటిలో ఉండే పాత అమరిక, ఫ్యాట్ 32. అందులో ఒక ఫైలు అంతకు మించి ఒక్క బైటు కూడా పెరగదు. డ్రైవ్‌లో ఎంత ఖాళీ ఉన్నా సరే. పోయిన నెల దాకా లెక్కలు ఆ హద్దుకు లోపలే ఉన్నాయి. ఈ నెలే గుమాస్తా ఈ సీజను కాటా చీటీలన్నీ స్కాన్ చేసి పెట్టాడు. మూట నాలుగు జీబీ దాటింది. డ్రైవ్ మిగతాది తీసుకోనంది. టార్ గగ్గోలు పెట్టింది. ఆ గగ్గోలు గోతిలో పడింది. స్క్రిప్టు మాత్రం ఏం పట్టనట్టు ‘అయిపోయింది’ అని రాసి కూర్చుంది.

మూట విప్పి చూశాడు. సగంలోనే తెగిపోయింది.

"ఏందిరా?"

"సగమే ఎక్కింది బాబాయ్."

"మరి అది తిరిగిందిగా!"

తిరిగింది. తిరగడం తప్ప ఇంకేమీ చెయ్యలేదు. గీతను తిప్పే ముక్కను ఒక పక్క వదిలి, టార్‌ను ఇంకో పక్క నడిపాడు కుర్రాడు. ఆ రెండింటికీ పొత్తు లేదు. టార్ ఒక చోట ఇరుక్కుపోయినా గీత తిరిగేది. టార్ దెబ్బతిని చచ్చాక గీతను ఆపి ‘అయిపోయింది’ అనమని చెప్పాడే గానీ, ఎట్లా అయిపోయిందో కనుక్కోమని చెప్పలేదు. గీత లేని పాత స్క్రిప్టే అయితే తెర మీద ఆ ఇంగ్లిషు ఫిర్యాదు కనపడేది. ఈ రాత్రి వాళ్లను ముంచింది మౌనం కాదు, ఏమీ తెలియకుండా తిరిగిన ఆ గీత.

ఇన్వర్టరు కీచుమంది. ఒక్కసారి. బ్యాటరీలు పాతవి.

"ఎంతసేపుంటది కరెంటు?"

"చెప్పలేం. ఇరవై నిమిషాలు. అరగంట. ట్యూబులైటు ఆపు బాబాయ్."

గదిలో తెర వెలుగు ఒక్కటే మిగిలింది. కుర్రాడు రాయడం మొదలెట్టాడు.

ఈసారి తలకిందులుగా. ముందు టార్‌ను వెనక వైపు నడిపించాడు. దాని నంబరు పట్టుకున్నాడు. గీత తిరిగే ప్రతి చుట్టుకూ ముందు ‘కిల్ -0’ అని అడగాలి. పేరు కిల్ అయినా, సున్నా పెడితే అది ఎవర్నీ చంపదు. ఫలానా నంబరు పని ఇంకా బతికుందా అని మాత్రమే కనుక్కుంటుంది. బతికుంటేనే గీత ఇంకో చుట్టు. లేకపోతే గీత అక్కడే ఆగాలి. ఆగాక ‘వెయిట్’. పని ఏ కబురు చెప్పి పోయిందో అది పట్టుకొస్తుంది. సున్నా అయితే క్షేమం. ఇంకే అంకె అయినా ఎక్కడో తేడా.

నాలుగు జీబీ గోడ దాటడానికి ఇంకో ఎత్తు. మూటను ఒక్కటిగా కాకుండా, టార్ నుంచి వచ్చేదాన్ని వచ్చినట్టే స్ప్లిట్ అనే ఇంకో ప్రోగ్రాంకు అందిస్తే అది జీబీకి ఒక ముక్క చొప్పున కోసి పెడుతుంది. అందులోనూ ఒక మోసం ఉంది. ఇద్దరు వరసగా పని చేస్తుంటే షెల్ చివరివాడి కబురే వింటుంది. ముందున్న టార్ కూలిపోయినా, వెనకున్న స్ప్లిట్ తనకు వచ్చినంత కోసి ‘క్షేమం’ అనేస్తుంది. కుర్రాడు ‘పైప్‌ఫెయిల్’ అని రాశాడు. ఇక వరసలో ఎవడు పడినా కబురు పైకి రావాల్సిందే.

"ఇంకా త్వరగా తిప్పరాదూ? తిరగడం బాగా కనపడిద్ది" అన్నాడు పెద్దాయన, ఏదో ఒకటి అనాలి గనక.

"తిప్పడానికే బలమంతా పోయిద్ది బాబాయ్."

ఊరికే అన్న మాట కాదది. 2016 జనవరిలో ప్రపంచమంతా ప్రోగ్రామర్లు వాడే ఎన్‌పీఎం అనే సాధనంలో సరిగ్గా అదే బయటపడింది. ప్యాకేజీలు దించుకునేటప్పుడు కనపడే పట్టీని ఆపేస్తే పని దాదాపు సగం సమయంలో అయిపోతోందని కొందరు కనిపెట్టారు. పని ఎంతైందో చూపడానికి పెట్టిన పట్టీ, తనను తాను పదేపదే గీసుకోవడానికే సమయం తినేస్తోంది. తర్వాత సరిదిద్దారు. కుర్రాడు సెకనులో పదో వంతు దగ్గరే ఉంచాడు.

మినుకుమనే గడిని గీత పక్కన కనపడకుండా దాచాడు. మధ్యలో ఎవరైనా ఆపేస్తే ఆ గడి మళ్లీ తిరిగొచ్చేలా ‘ట్రాప్’ ఒకటి పెట్టాడు. టార్ ఫిర్యాదులను గోతిలోంచి తీసి ఒక ఫైల్లోకి మళ్లించాడు. చివరగా గీత పక్కన ఒక అంకె. పెన్ డ్రైవ్‌లోకి ఎన్ని ఎంబీలు చేరాయో చెప్పే అంకె.

ఇన్వర్టరు మళ్లీ కీచుమంది. ఈసారి రెండుసార్లు.

ఎంటర్ కొట్టాడు.

/ 212 ఎంబీ. - 340 ఎంబీ. \ 455 ఎంబీ.

సెకనుకు పది ఎంబీలు అనుకున్నా ఆరు జీబీకి పది నిమిషాలు. ఇద్దరూ మాట్లాడలేదు. మొదటి ముక్క. రెండో ముక్క. గాలి తలుపును తోస్తోంది, రేకు ఒకటి ఎక్కడో లేచి పడుతోంది, మెట్టు దాటిన నీళ్లు గడప కింద నుంచి సన్నగా లోపలికి జారి టేబులు కాళ్ల వైపు వస్తున్నాయి, గుమాస్తా ప్యాంటు మడిచి నేల మీదున్న సీపీయూను రెండు చేతులా లేపి వైర్లు ఊడకుండా కుర్చీ మీదికి ఎక్కించాడు, కుర్రాడు తెర మీద నుంచి కళ్లు తిప్పలేదు. మూడో ముక్క. నాలుగు. 4,294 దాటింది. ఇందాక తెగిన చోటు దాటింది.

4,971.

4,971.

4,971.

"తిరుగుద్ది గానీ అంకె కదల్లా" అన్నాడు గుమాస్తా.

గీత తిరుగుతూనే ఉంది. అంటే పని బతికే ఉంది. కానీ ఎంబీ పెరగడం లేదు. డ్రైవ్ పోయిందా? కుర్రాడి వేలు కంట్రోల్ మీదికి పోయింది. ఇంకో వేలు సీ మీదికి.

"ఆగు" అన్నాడు గుమాస్తా. ఈసారి ఆయన అన్నాడు. "బతికే ఉందన్నావుగా. చూద్దాం."

కంప్యూటరు రాసిందంతా వెంటనే పెన్ డ్రైవ్‌కు చేరదు. ముందు తన జ్ఞాపకంలో పెట్టుకుని తర్వాత దించుతుంది. డ్రైవ్ నెమ్మదిదైతే ఒక దశలో జ్ఞాపకం నిండిపోతుంది. దించేదాకా కొత్తది తీసుకోదు. అంతే జరుగుతోందని కుర్రాడి ఆశ. ఆశే. రుజువు లేదు.

ఇరవై సెకన్లు. ముప్పై.

4,988.

గుమాస్తా నవ్వలేదు. "నడవనీ" అన్నాడు.

గీత ఆగింది. వెయిట్ తెచ్చిన కబురు: సున్నా. ఆరు ముక్కలు. పెద్దాయన చెయ్యి పెన్ డ్రైవ్ మీద పడింది.

"పీకొద్దు!"

కుర్రాడి అరుపుకు ఆయన ఉలిక్కిపడ్డాడు.

"కొంత ఇంకా లోపలే ఉంది బాబాయ్. అంతా దిగాలి." సింక్ అని కొట్టాడు. దానికీ ముందే గీత తగిలించి పెట్టాడు. | / - \ . ఇన్వర్టరు ఇప్పుడు ఆపకుండా అరుస్తోంది. తెర ఒకసారి మసకబారి మళ్లీ వెలిగింది. గీత ఆగింది. సున్నా.

ఇంకా లేవలేదు. ఆరు ముక్కలూ కలిపి మూట మొదటి నుంచి చివరి దాకా చదివించాడు. పేర్లు జలజల జారాయి. గురజాల రైతుల ఖాతాలు, దుర్గి ఖాతాలు, కాటా చీటీలు.. చివరి పేరు పడింది. ఆ రోజు సాయంత్రం గుమాస్తా ఎక్కించిన ఆఖరి చీటీ. పెద్దాయన తెర వెలుగులోనే రిజిస్టరు తెరిచి, ఆరు ముక్కల సైజులూ ఒకదాని కింద ఒకటి రాసుకుని, కూడి, కింద సంతకం పెట్టుకున్నాడు.

డ్రైవ్‌ను ప్లాస్టిక్ కవరులో చుట్టి చొక్కా లోపలి జేబులో పెట్టుకుంటుండగా ఇన్వర్టరు చచ్చిపోయింది.

మర్నాడు, డిసెంబరు 5న, మధ్యాహ్నం 12.30, 2.30 గంటల మధ్య మిగ్‌జాం బాపట్లకు దక్షిణంగా తీరం దాటింది. గంటకు 90 నుంచి 100 కిలోమీటర్ల గాలి. చుట్టుపక్కల జిల్లాల్లో మిరప, పత్తి, వరి చేలు నీళ్లలో పడుకున్నాయి.

కరెంటు నిలకడగా వచ్చాక కుర్రాడు మళ్లీ ఆఫీసుకు వెళ్లాడు. స్క్రిప్టులో ‘అయిపోయింది’ అన్న పంక్తిని రెండుగా చీల్చాడు. కబురు సున్నా అయితే ముక్కల లెక్క చెప్పాలి. కాకపోతే ఎక్కడ ఆగిందో చెప్పాలి.

"తెలుగులో రాయి" అన్నాడు గుమాస్తా. "ఇంగ్లిషులో తిడితే నాకేం తెలిసిద్ది?"

రాశాడు. నడిపాడు. గీత తిరిగింది, అంకె పెరిగింది. గుమాస్తా కాసేపు చూశాడు. వంగాడు. ఈ పని కోసమే తెచ్చిన పాత పెన్ డ్రైవ్‌ను మధ్యలోనే, అడక్కుండా, టక్కున పీకేశాడు.

"బాబాయ్!"

గీత ఆగిపోయింది. తెర మీద ఒక వాక్యం పడింది: ‘ఎక్కలేదు. 618 ఎంబీ దగ్గర ఆగింది. డ్రైవ్ చూడండి.’

గుమాస్తా ఆ వాక్యాన్ని పైకి చదివాడు. పీకిన డ్రైవ్‌ను కుర్రాడి చేతిలో పెట్టాడు.

"ఇక నువ్వు రాకపోయినా నేను నడుపుకుంటాలే."